చరిత్ర విభాగంలో ఏ కాలం తీసుకోవాలి? ముందు ఆధారాలు చూడండి

చరిత్ర విభాగంలో చేరిన ప్రతి విద్యార్థి చేతికీ ఏదో ఒక రోజు ఒక ఫారం వస్తుంది. ప్రాచీనమా, మధ్యయుగమా, ఆధునికమా, ఇంకేదైనానా, ఒకటి రాసిమ్మంటారు. పేరూ రోల్ నంబరూ రాసినంత తేలిగ్గా ఆ గడి నింపలేం. ఎంఏ రెండేళ్లూ, ఆ పైన పీహెచ్‌డీ చేస్తే ఆ ఏళ్లన్నీ ఆ ఒక్క మాట మీదే నడుస్తాయి.

నేను ఆ గడిలో "ప్రాచీన చరిత్ర" అని రాశాను. చిన్నప్పటి నుంచీ శిథిలాలంటే ఇష్టం, అంతే కారణం. మొదటి సెమిస్టర్ సగంలోనే అర్థమైంది, నాకు ఇష్టమైనవి శిథిలాలే గానీ వాటి మీద చేయాల్సిన పని కాదని. ఒక శాసనం నకలు ముందు కూర్చుని, అరిగిపోయిన ఒక్క అక్షరం ఏమిటో తేల్చడానికి మూడు రోజులు గడపడం నా వల్ల కాలేదు. నా పక్కన కూర్చున్న అమ్మాయికి మాత్రం ఆ మూడు రోజులూ పండగలా ఉండేవి. ఎంతో టెన్షన్ పడి ఆధునిక చరిత్రకు మారాను. 19వ శతాబ్దపు ఫైళ్ల కట్ట విప్పిన మొదటి రోజు భోజనం సంగతే మర్చిపోయాను. ఆమెకూ నాకూ తేడా తెలివిలో లేదు, ఏ రకం ఆధారంతో ఎక్కువసేపు కూర్చోగలం అన్నదాంట్లో ఉంది.

అందుకే ఈ సలహా అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: కాలం అందం చూసి ఎంచుకోకండి, ఆ కాలం మిగిల్చిన ఆధారాలు చూసి ఎంచుకోండి. దూరపు కొండలు నునుపు. దగ్గరికి వెళ్లాక రోజూ చేతిలో ఉండేది రాజుల వైభవం కాదు, ఒక రాయో ఒక రాతప్రతో ఒక ఫైలో ఒక ఆడియో రికార్డింగో.

పోల్చేముందు ఏం చూడాలి

అన్నిటికంటే ముందు భాష, లిపి. ఈ రెండూ వేరువేరు సమస్యలని చాలామందికి లోపలికి వెళ్లాకే తెలుస్తుంది. టర్కీలో 1928లో అరబిక్ ఆధారిత లిపి తీసేసి లాటిన్ అక్షరాలు తెచ్చారు. దాంతో ఇవాళ్టి టర్కిష్ విద్యార్థి తన ముత్తాత రాసిన ఉత్తరం చదవాలన్నా ప్రత్యేకంగా శిక్షణ తీసుకోవాలి. జర్మనీలో పాత గోతిక్ అచ్చునూ, బడుల్లో నేర్పే పాత చేతిరాతనూ 1941లో పక్కన పెట్టారు. జర్మన్ బాగా వచ్చినవాళ్లు కూడా 1900 నాటి చేతిరాత ముందు తెల్లమొహం వేస్తారు. మరాఠీ దస్తావేజులు శతాబ్దాల పాటు మోడీ లిపిలో సాగాయి, దేవనాగరి వచ్చినంత మాత్రాన అవి చదవలేం. కాబట్టి "ఆధునిక చరిత్ర తీసుకుంటే భాష గొడవ ఉండదు" అన్న మాట నమ్మకండి. మీ అంశానికి ఏ భాష కావాలి, అది ఏ లిపిలో రాసి ఉంది, ఆ లిపి నేర్పేవాళ్లు మీ విభాగంలో ఉన్నారా అని విడివిడిగా అడగండి. మూడో ప్రశ్నకు "లేరు" అని జవాబొస్తే, మిగతావన్నీ ఎంత బాగున్నా ఆగి ఆలోచించాల్సిందే.

రెండోది ఆధారాల పరిమాణం. కొన్ని కాలాల్లో ఉన్నదంతా ఒక షెల్ఫులో పట్టేస్తుంది. కొన్నిట్లో ఒక్క సంవత్సరం కాగితాలు చదవడానికి ఒక జన్మ చాలదు. తక్కువ ఉంటే ఉన్నదాన్ని పిండి పిండి చదవాలి, ఎక్కువ ఉంటే ఏది వదిలేయాలో తేల్చుకోవాలి. రెండూ కష్టమే, కానీ ఒకే రకం మనిషికి రెండూ నప్పవు.

ఆ ఆధారాలు ఎక్కడున్నాయి, చూడనిస్తారా అన్నది మూడోది. స్పెయిన్ అమెరికా ఖండాల మీద చేసిన పాలన కాగితాలు సెవిల్ నగరంలో, 1785లో పెట్టిన ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పెరూ గురించి రాయాలన్నా అక్కడికి వెళ్లక తప్పని సందర్భాలు వస్తాయి. పాలితుల చరిత్ర పాలకుల ఊళ్లో దొరకడం చరిత్ర విద్యార్థికి మామూలే.

ఇక ఒంటరిగా పనిచేయగలరా, మనుషులతో ఉండాలా అన్నదీ, డిగ్రీ తర్వాత ఏం చేద్దామనుకుంటున్నారన్నదీ మిగిలాయి. వీటిని ఒక్కో విభాగం దగ్గరే చూద్దాం.

ప్రాచీన చరిత్ర

దీని ఆకర్షణ ఎలాంటిదో బ్రాహ్మీ లిపి కథ చెబుతుంది. అశోకుడి శాసనాలు కళ్లెదురుగానే ఉన్నా వందల ఏళ్లు ఎవరూ చదవలేకపోయారు. ఇంగ్లిష్ పండితుడు జేమ్స్ ప్రిన్సెప్ సాంచీ స్తూపం కంచె మీదున్న చిన్న చిన్న రాతలు పరిశీలిస్తుంటే, చాలావాటి చివర అవే రెండు అక్షరాలు కనిపించాయి. గుడికి ఇచ్చిన కానుకల మీద సాధారణంగా ఏం రాస్తారు? "ఫలానావారి దానం" అని. ఆ రెండూ "దానం" అన్న మాటకు చెందినవని ఊహించాడు. 1837కల్లా లిపి మొత్తం విడిపోయింది. అయినా శాసనాల్లో కనిపించే "దేవానాంపియ" (దేవుళ్లకు ప్రియమైనవాడు) అన్న బిరుదు ఎవరిదో కచ్చితంగా తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1915లో మస్కి దగ్గర దొరికిన శాసనంలో అశోకుడి పేరు ఉండడంతో ఆ ముడి వీడింది. ఒక్క రాయి ఒక పెద్ద ప్రశ్నను ముగించగలదు. ఈ రంగంలో తప్ప ఇంకెక్కడా అలాంటి అనుభవం అంత సులభంగా దొరకదు.

అయితే ఆ ఒక్క రాయి మీ జీవితకాలంలో దొరుకుతుందన్న హామీ లేదు. దొరికినా అందులో మీరు కోరుకున్నది ఉండకపోవచ్చు. గ్రీసు, క్రీట్ ప్రాంతాల్లో దొరికిన లీనియర్ బి అనే ప్రాచీన లిపిలో రాసిన మట్టి పలకలను 1952లో మైకేల్ వెంట్రిస్ చదవగలిగాడు. ఆయన వృత్తి ఆర్కిటెక్టు. తీరా చూస్తే వాటిలో వీరగాథలు లేవు, గొర్రెల లెక్కలూ ఉన్ని, నూనె జమాఖర్చులూ ఉన్నాయి. ఆ పచ్చి పలకలు మిగలడానికి కారణం కూడా రాజభవనాలు తగలబడడమే, మంటల్లో కాలి గట్టిపడ్డాయి. ఆ లిపికి అన్నలాంటి లీనియర్ ఎ ఇప్పటికీ చదవలేకపోయాం. సింధు ముద్రల మీది రాత కూడా అంతే.

నా ఉద్దేశంలో ఈ విభాగం ఎవరికంటే, ఒక వాక్యాన్ని పది రకాలుగా చదివి, చివరికి "బహుశా" అని రాసి తృప్తిపడగల వాళ్లకు. ఆ "బహుశా" మీకు ఓటమిలా అనిపిస్తే ఇటు రాకండి. కనీసం ఒక ప్రాచీన భాష మొదటి ఏడాది నుంచే మొదలుపెట్టాలి, మూడో ఏడాదిలో మొదలుపెడితే అందుకోలేం. సంస్కృతమో ప్రాకృతమో గ్రీకో లాటినో, ఏదైనా సరే. తవ్వకాలంటే ఇష్టమై వచ్చేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. చాలా యూనివర్సిటీల్లో పురావస్తు శాస్త్రం వేరే విభాగం. ఒక వస్తువు వయసును కార్బన్-14తో తేల్చడం, మట్టి పొరలు చదవడం అక్కడ నేర్పుతారు, చరిత్ర విభాగంలో కాదు. మీకు కావాల్సింది రాతా, మట్టా అన్నది ఫారం నింపేముందే తేల్చుకోండి.

మధ్యయుగ చరిత్ర

దీన్ని రెండింటి మధ్య ఉన్న రాజీ మార్గంలా చాలామంది తీసుకుంటారు. అది తప్పు. దీని కష్టం దీనికే ప్రత్యేకం. చేతికొచ్చే ప్రతి గ్రంథమూ దాదాపుగా నకలుకు నకలు. అసలు రచయిత రాసిందేది, రెండు వందల ఏళ్ల తర్వాత లేఖకుడు చేర్చిందేది అని విడదీయడంతోనే సగం పని అవుతుంది.

ఈ విద్యకు నాకు బాగా నచ్చే ఉదాహరణ 1440 నాటిది. నాలుగో శతాబ్దపు రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ పశ్చిమ సామ్రాజ్యం మీద అధికారాన్ని పోప్‌కు రాసిచ్చాడని చెప్పే ఒక దస్తావేజు శతాబ్దాల పాటు చలామణీ అయింది. లొరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు అందులోని లాటిన్ మాటలను పట్టుకుని, ఆ చక్రవర్తి కాలంలో ఆ వాడుకే లేదని, అది తర్వాతి కాలంలో పుట్టించిన కాగితమని చూపించాడు. ఆయుధం ఏమీ లేదు, భాష మీద పట్టు తప్ప. మధ్యయుగ చరిత్ర విద్యార్థికి ఇవాళ్టికీ అదే ఆయుధం. పారశీకం, అరబిక్, లాటిన్, సంస్కృతం లాంటి వాటిలో ఒకటి బాగా రావాలి, ఇంకోటి కొద్దిగానైనా రావాలి.

ఆధారాల్లో ఎక్కువ భాగం ఆస్థానాల నుంచీ మఠాల నుంచీ వచ్చినవే, మామూలు మనిషి గొంతు అరుదు. దొరికినప్పుడు మాత్రం నోట మాట రాదు. పాత కైరోలో ఒక యూదుల ప్రార్థనా మందిరం గదిలో, దేవుడి పేరున్న కాగితం పారేయకూడదన్న నమ్మకంతో, ఉత్తరాలూ చిట్టాలూ పెళ్లి ఒప్పందాలూ వందల ఏళ్లు పోగుపడ్డాయి. 1896 నుంచి వాటిలో చాలా భాగం కేంబ్రిడ్జికి చేరింది. కైరో, ఏడెన్, మలబారు తీరం మధ్య వ్యాపారం చేసిన వాళ్లు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు అందులో ఉన్నాయి. మిరియాల ధర, మునిగిన ఓడ, ఇంటి మీద బెంగ, అన్నీ పన్నెండో శతాబ్దంలో ఎలా ఉండేవో అలాగే.

ఆధునిక చరిత్ర

ఎక్కువమంది వచ్చేది ఇక్కడికే, నేను తేలింది కూడా ఇక్కడే. అందుకే దీని లోపాలు కాస్త గట్టిగా చెబుతాను.

మొదటి లోపం, కాగితాలు పుట్టెడు. ఒక జిల్లా కరవు గురించి చదవడానికి వెళ్తే రెవెన్యూ ఫైళ్లు, పోలీసు రిపోర్టులు, అర్జీలు, పత్రికలు, ఉత్తరాలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఎక్కడ ఆగాలో తెలియక డిసర్టేషన్ గడువు దాటబెట్టుకునే వాళ్లు ఈ విభాగంలోనే ఎక్కువ. ప్రశ్న ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. "వలస పాలనలో రైతులు" అన్నది అంశం కాదు, "ఫలానా తాలూకాలో ఫలానా పదేళ్లలో పన్ను మాఫీ అర్జీలు" అన్నది అంశం.

రెండోది, ఫైలు రాసినవాడు ఎవరు అన్న ప్రశ్న. తిరుగుబాటు గురించి మనకున్న కాగితం చాలాసార్లు దాన్ని అణచినవాడు రాసిందే. "అల్లరి మూక" అని గుమస్తా రాసిన చోట ఎవరున్నారు, ఎందుకున్నారు అని వెనక్కి చదవగలగాలి. ఇది నేర్పే ప్రొఫెసర్ దొరికితే వదలకండి. 1980ల మొదట్లో దక్షిణాసియా చరిత్రకారులు కొందరు కలిసి ప్రారంభించిన సబాల్టర్న్ (అణగారిన వర్గాల) అధ్యయనాలు ప్రపంచమంతా పాకడానికి కారణం ఈ రకం చదువే.

మూడోది, సులభంగా దొరుకుతుందన్న భ్రమ. ఇప్పుడు లక్షల పేజీలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఒక మాట టైప్ చేస్తే చాలు. కానీ వెతుకులాటలో దొరికేది ఆ రోజు గుమస్తా వాడిన మాట మాత్రమే, మీ మనసులో ఉన్న మాట కాదు. పైగా స్కాన్ చేయని ఫైలు అసలు లేనట్టే అనిపిస్తుంది. కట్ట విప్పి వరసగా చదివితే, వెతకని కాగితం పక్కనే ఉండి కనిపిస్తుంది. నా డిసర్టేషన్‌లో పనికొచ్చిన అర్జీ అలా కనిపించిందే, దాని కోసం నేను వెతకలేదు.

ఇక కాలం ఎంత దగ్గరైతే తలుపులు అంత మూసి ఉంటాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ కాగితాలు 30 ఏళ్ల తర్వాతే మామూలుగా బయటికి వచ్చేవి, 2013 నుంచి దాన్ని మెల్లగా 20 ఏళ్లకు తగ్గించారు. ఏ దేశానికి ఆ దేశపు నియమం ఉంటుంది. మీ అంశం ఆ గడువు లోపల పడితే ఫైళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

కొత్త కాగితం కదా, నకిలీ ఉండదులే అనుకోవడం కూడా పొరపాటే. 1983లో హిట్లర్ డైరీలంటూ ఒక జర్మన్ పత్రిక అచ్చు వేసింది. పేరున్న చరిత్రకారుడు కూడా ముందు అవి అసలైనవే అన్నాడు. ప్రయోగశాలలో చూస్తే ఆ కాగితంలో యుద్ధం తర్వాత వాడుకలోకి వచ్చిన పదార్థం ఉంది.

డిగ్రీ తర్వాతి సంగతికొస్తే, పోటీ పరీక్షలు, జర్నలిజం, బడిలో పాఠాలు చెప్పడం లాంటి వాటికి ఈ విభాగం దగ్గరి దారి. పరిశోధనలో మాత్రం పోటీ ఇక్కడే ఎక్కువ. మీకు తట్టిన అంశం ఇంకో పదిమందికి తట్టి ఉంటుంది.

మౌఖిక చరిత్ర, సమకాలీన చరిత్ర

మనుషుల జ్ఞాపకాలను ఇంటర్వ్యూలుగా రికార్డు చేసి, వాటినే ఆధారంగా తీసుకోవడం మౌఖిక చరిత్ర. మనుషులతో మాట్లాడడం ఇష్టమైతే ఇది ప్రాణం పోస్తుంది. కొలంబియా యూనివర్సిటీలో 1948లో అలన్ నెవిన్స్ పద్ధతి ప్రకారం ఇంటర్వ్యూలు రికార్డు చేయడం మొదలుపెట్టాక ఇది ఒక విద్యగా నిలబడింది.

జ్ఞాపకం తప్పుతుంది కదా, మరి ఎలా నమ్మాలి అని అందరూ అడుగుతారు. దానికి ఇటలీలోని టెర్నీ పట్టణం జవాబు చెబుతుంది. 1949 మార్చిలో నాటోకు వ్యతిరేకంగా జరిగిన నిరసనలో లుయిజీ ట్రస్తుల్లి అనే 21 ఏళ్ల ఉక్కు కార్మికుడు పోలీసుల చేతిలో చనిపోయాడు. దశాబ్దాల తర్వాత అలెస్సాండ్రో పోర్టెల్లి అనే మౌఖిక చరిత్రకారుడు ఆ ఊరివాళ్లను అడిగితే, చాలామంది ఆ చావును 1953కు మార్చి, సామూహికంగా ఉద్యోగాలు తీసేసినప్పటి గొడవల్లో జరిగినట్టు చెప్పారు. తేదీ తప్పు. కానీ ఒక ఊరంతా ఒకేలా తప్పు గుర్తుపెట్టుకుందంటే, ఆ ఉద్యోగాలు పోవడం వాళ్లకు ఎంత పెద్ద గాయమో ఆ తప్పే చెబుతోంది. ఏ ఫైల్లోనూ అది ఉండదు.

దీని బరువు మాత్రం తక్కువగా అంచనా వేయకండి. గంట ఇంటర్వ్యూను అక్షరాల్లో పెట్టడానికి నాలుగైదు గంటలు పోతాయి. అంతకంటే పెద్దది మాట నిలబెట్టుకోవడం. ఉత్తర ఐర్లండ్ సాయుధ పోరాటంలో పాల్గొన్న వాళ్లను బోస్టన్ కాలేజీ ప్రాజెక్టు కోసం ఇంటర్వ్యూ చేసినప్పుడు, వాళ్లు బతికుండగా ఆ మాటలు బయటపెట్టబోమని భరోసా ఇచ్చారు. 2011లో ఆ టేపులు ఇవ్వాలని చట్టప్రకారం నోటీసులు వచ్చాయి. ఎదుటి మనిషికి మీరు నిలబెట్టుకోగల మాట మాత్రమే ఇవ్వండి. మీ యూనివర్సిటీలో ఇంటర్వ్యూలకు అనుమతిచ్చే నైతిక కమిటీ ఉంటే, దాని కోసం ముందుగానే సమయం కేటాయించుకోండి.

ఆర్థిక చరిత్ర

లెక్కలంటే భయం లేకపోతే దీన్ని తప్పక చూడండి. పోటీ తక్కువ, నేర్చుకున్న పని బయట కూడా పనికొస్తుంది. అట్లాంటిక్ మీదుగా బానిసలను తరలించిన దాదాపు 36,000 ఓడ ప్రయాణాల వివరాలు ఒకచోట చేర్చారు. విడిగా ఏ ఓడ చిట్టా చెప్పని సంగతులు వాటిని కలిపి చూస్తే బయటపడ్డాయి. ఒక జాగ్రత్త మాత్రం ఉండాలి. పట్టికలో ప్రతి గడి వెనకా ఒక మనిషి ఉన్నాడని మర్చిపోతే లెక్క మిగులుతుంది, చరిత్ర పోతుంది.

ఒక చూపులో

| విభాగం | రోజూ చేతిలో ఉండేది | భాష భారం | ఆధారాల పరిమాణం | పని తీరు |
|---|---|---|---|---|
| ప్రాచీన | శాసనం, నాణెం | చాలా ఎక్కువ | చాలా తక్కువ | ఒంటరిగా, నిదానంగా |
| మధ్యయుగ | రాతప్రతి, ఉత్తరం | చాలా ఎక్కువ | మధ్యస్థం | ఒంటరిగా, ప్రతులు పోలుస్తూ |
| ఆధునిక | ఫైలు, పత్రిక | అంశాన్ని బట్టి | విపరీతం | ఆర్కైవ్స్‌లో, గడువుతో పరుగు |
| మౌఖిక | రికార్డింగ్ | మాట్లాడే భాష చాలు | మీరే తయారుచేయాలి | మనుషుల మధ్య |
| ఆర్థిక | చిట్టా, పట్టిక | తక్కువ నుంచి మధ్యస్థం | ఎక్కువ | కంప్యూటర్ ముందు |

ఎవరికి ఏది

ఎంఏతో ఆపి ఉద్యోగం చూసుకుందామనుకుంటే, కొత్త లిపి నేర్చుకోవడానికి ఏడాది ఖర్చుపెట్టడం కష్టం. ఆధునికం గానీ ఆర్థికం గానీ తీసుకోండి. పీహెచ్‌డీ చేయాలన్న గట్టి నిర్ణయం ఉంటే లెక్క తిరగబడుతుంది. ఇప్పుడు నేర్చుకున్న పారశీకమో ప్రాకృతమో పదేళ్ల తర్వాత మీకు మాత్రమే తెరుచుకునే తలుపవుతుంది, ఎందుకంటే ఆ మూలాలు నేరుగా చదవగలిగేవాళ్లు తక్కువ.

ఇంటి బాధ్యతల వల్ల వేరే ఊళ్లకు, దేశాలకు వెళ్లలేని వాళ్లు నిరుత్సాహపడక్కర్లేదు. అచ్చైన శాసన సంపుటాలతో, ఉన్నచోటే చేయగల ఇంటర్వ్యూలతో మంచి పని చేయొచ్చు. విదేశీ ఆర్కైవ్స్ మీద ఆధారపడే అంశం మాత్రం వద్దు. మధ్యలో ఆగిపోతే దాని బాధ చాలాకాలం ఉంటుంది.

రెండు విభాగాలు సమానంగా తూగితే గైడ్‌ను చూసి తేల్చుకోండి. పేరు కాదు, ఆయన గానీ ఆమె గానీ గత విద్యార్థుల చాప్టర్లు ఎన్నాళ్లకు చదివి ఇచ్చారో సీనియర్లను అడగండి. మూలాన్ని విద్యార్థితో కలిసి కూర్చుని చదివే అలవాటుందా అని కూడా అడగండి. జర్మన్ చరిత్రకారుడు లియోపాల్డ్ ఫాన్ రాంకె 19వ శతాబ్దంలో బెర్లిన్‌లో నడిపిన సెమినార్లలో చేసిందదే, ఒక బల్ల చుట్టూ కూర్చుని దస్తావేజును మాట మాట పట్టి చూడడం. ఆ బల్ల ఉన్న చోట చేరడానికి అవసరమైతే కాలాన్ని కూడా మార్చుకోవచ్చని నా నమ్మకం.

ఫారం ఇవ్వడానికి ఇంకా పది రోజులుంటే ఒక పని చేయండి. మీకు నచ్చిన రెండు విభాగాల్లోంచి ఒక్కో అసలు మూలం తీసుకోండి, ఒక శాసన పాఠం, ఒక ఫైలు నకలు అలా. అనువాదం పక్కన ఉన్నా పర్లేదు. ఒక్కోదానితో మూడు రోజులు, రోజుకు రెండు గంటలు కూర్చోండి. ఎవరు రాశారు, ఎవరి కోసం, ఏది చెప్పకుండా వదిలేశారు అని ఒక పేజీ రాయండి. మూడో రోజు గడియారం చూడకుండా లేచింది ఏ మూలం దగ్గరో, ఆ పేరే గడిలో రాయండి.